మార్చని పదకొండు తాళాలు

విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్లో అందరూ ఆమెను తాళాలక్క అనేవాళ్లు. జీతాల పట్టీలో ఆమె ఉద్యోగానికి ఇంకేదో పెద్ద పేరుండేది గానీ దాన్ని ఎవరూ వాడినట్టు లేదు. నలభై మూడేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. నడుముకు కట్టుకున్న మందపాటి గుడ్డసంచిలో మూడు స్క్రూడ్రైవర్లు, ఒక ఆకురాయి, నూనె డబ్బా ఎప్పుడూ ఉండేవి. వాటి చప్పుడు వినే మూడో అంతస్తులో ఉన్నదా, రెండో అంతస్తులో ఉన్నదా పిల్లలు చెప్పేసేవాళ్లు.

పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన బస్టాండు మెట్ల కింద చెక్కపెట్టె పెట్టుకుని తాళంచెవులు కోసేవాడు. కొడుకులు లేరని కాదు, ఉన్న ఇద్దరికీ ఓపిక లేదు. ఈమెకు ఉంది. పద్నాలుగేళ్లకే తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పి చూసి, ఏ పన్ను అరిగిందో చెప్పేది. ఆడపిల్లల గదుల్లోకి వెళ్లి పనిచేయడానికి ఆడమనిషే కావాలని హాస్టల్ వాళ్లు వెతుకుతున్నప్పుడు ఊరు మొత్తానికి ఈమె ఒక్కతే దొరికింది. అలా పదహారేళ్ల కిందట వచ్చి చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదు" అనేది. నవ్వేది కాదు కాబట్టి అది హాస్యమో కాదో ఎవరికీ తెలిసేది కాదు.

హాస్టల్‌కు నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఇరవై నాలుగు గదులు. గదికి ఒక్కరే. ఏటా చదువులు ముగిసి పిల్లలు ఖాళీ చేసి వెళ్లాక, తొంభై ఆరు తలుపుల తాళాలూ మార్చాలన్నది నియమం. కొత్తవి కొనేవాళ్లు కాదు. తాళంచెవి దూరే ఇత్తడి గొట్టాన్ని ఊడదీసి, ఒక గదిది ఇంకో గదికి బిగిస్తే చాలు, పాత తాళంచెవి పనికిరాకుండా పోతుంది. ఏ గదిది ఎక్కడికి వెళ్లాలో ఆమె దగ్గర ఒక పట్టిక ఉండేది. స్క్రూ మొండికేయకపోతే తలుపుకు పన్నెండు నిమిషాలు. అందరూ తాళంచెవులు తిరిగిచ్చేశాక ఈ శ్రమంతా ఎందుకని సూపర్‌వైజర్ ఏటా అడిగేవాడు. "ఇచ్చింది ఒకటి. వాళ్ల దగ్గర ఎన్నున్నాయో మీకు తెలుసా?" అని ఆమె ఏటా అడిగేది.

ఆ ఏడు ఎనభై అయిదు తలుపులు పూర్తయ్యాయి. రెండో అంతస్తులో చివరి వరస, రెండు వందల పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు దాకా, మిగిలిపోయింది. మధ్యాహ్నం ఇంటి పక్కావిడ ఫోన్ చేసింది. అమ్మ స్నానాలగదిలో జారిపడింది, లేవలేకపోతోంది. తాళాలక్క సామాను సంచిలో కుక్కుకుంటూ మెట్లు దిగేసరికి సూపర్‌వైజర్ ఫైలు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఇది రేపు పొద్దున పైకి వెళ్లాలమ్మా. సంతకం పెట్టేసి వెళ్లు."

"ఇంకా పదకొండున్నాయి సార్."

"వచ్చాక మార్చుకుందువులే. ఎక్కడికి పోతాయి తలుపులు?"

ఆమె గోడకు ఫైలు ఆనించి, 'తొంభై ఆరు తాళాలు మార్చబడినవి' అన్న వాక్యం కింద సంతకం పెట్టి వెళ్లిపోయింది.

అమ్మకు తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స, ఆసుపత్రి, ఇల్లు సర్దుకోవడం, అన్నీ కలిపి పన్నెండు రోజులు. తిరిగి వచ్చేసరికి కొత్త పిల్లలు దిగిపోయారు. ఆ పదకొండు గదుల్లోనూ మనుషులున్నారు, వాళ్ల చేతుల్లో తాళంచెవులున్నాయి. ఇప్పుడు మార్చాలంటే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడగాలి, ఎందుకో చెప్పాలి. వచ్చే వారం చూద్దాం అనుకుంది. ఆ వారం వానలకు తలుపులు ఉబ్బి మూతపడలేదు. తర్వాతి వారం నాలుగో అంతస్తులో గడియలు విరిగాయి. పని లేని వారం అంటూ ఏదీ రాలేదు, వచ్చినా ఆమె దాన్ని గుర్తుపట్టి ఉండేది కాదు. మొదట్లో రెండో అంతస్తు చివరికి వెళ్లినప్పుడల్లా ఆ పదకొండు తలుపులనూ లెక్కపెట్టేది. మూడు నెలలకు అదీ మానేసింది.

నాలుగో నెలలో, రెండు వందల పంతొమ్మిదిలో ఉండే అమ్మాయి ఆమెను వరండాలో ఆపింది. మొదటి సంవత్సరం, రసాయనశాస్త్రం. పుస్తకాలకు అట్టలు వేసుకునే రకం పిల్ల.

"అక్కా, నా గదిలోకి ఎవరో వస్తున్నారు."

"ఏమైనా పోయాయా?"

"ఏమీ పోలేదు. అదే కదా, ఎవరూ నమ్మట్లేదు. నేను వేసి వెళ్లిన కిటికీ తీసుంటోంది. కుర్చీ కిటికీవైపు తిరిగుంటోంది. వార్డెన్ మేడమేమో ఇంటిమీద బెంగ అన్నారు. సూపర్‌వైజర్ గారు బల్లి జరిపి ఉంటుందన్నారు. కుర్చీని బల్లి జరుపుతుందా అక్కా?"

"తాళం బాగానే పడుతోందా?"

"పడుతోంది. మొన్న వెళ్లేటప్పుడు తలుపు సందులో కాగితం ముక్క దోపి వెళ్లాను. వచ్చేసరికి కింద పడుంది. ఒకసారైతే గాలనుకోవచ్చు. మూడుసార్లు పెట్టాను, రెండుసార్లు పడింది. రెండుసార్లూ నాకు ల్యాబ్ ఉన్న రోజే."

ఆ పిల్లది మార్చని పదకొండు గదుల్లో ఒకటని తాళాలక్కకు తెలుసు. ఆ పిల్ల కళ్ల కింద నలుపు చూసింది. మంచాన్ని తలుపుకు అడ్డంగా జరుపుకుని పడుకుంటున్నానని ఆ పిల్లే చెప్పింది.

"చూస్తాలే. రేపు నువ్వు క్లాసుకెళ్లాక తాళం మార్చేస్తాను. నీ కీ నాకిచ్చి వెళ్లు" అంది.

ఆ మాటతో ఆ అమ్మాయి ఎంత తేలికపడిందో చూసి తాళాలక్క పక్కకు చూసింది. ఆ రోజంతా ఆమె లెక్క ఒకటే. గుట్టుగా మార్చేస్తే సరిపోతుంది. ఇది అయ్యాక మిగతా పదీ, ఏదో మరమ్మతని చెప్పి, రోజుకొకటి. ఎవరికీ ఏమీ తెలియదు.

మర్నాడు గురువారం. రెండు గంటలకు ఆమె ఆ గదిలోకి వెళ్లింది. బల్ల మీద పుస్తకాలు ఎత్తుల వారీగా పేర్చి ఉన్నాయి. గోడకు టైంటేబుల్ అంటించి ఉంది. గురువారం రెండు నుంచి నాలుగు దాకా ల్యాబ్ అని ఎర్రసిరాతో గీత గీసి ఉంది. గడియ చట్రంలోకి సరిగ్గా దిగుతోందో లేదో చూడడానికి ఆమె తలుపు మూసి, లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, నేలమీద కూర్చుని స్క్రూకు నూనె వేసింది.

అప్పుడు బయటినుంచి ఎవరో తాళంచెవి పెట్టారు.

పదహారేళ్లలో వేలసార్లు విన్న చప్పుడది. ఈసారి అది వింటూ ఆమె నూనె డబ్బా కింద పెట్టింది. తాళంచెవి కొంచెం తడబడింది. అసలు తాళంచెవి కాక, దాన్ని చూసి కోసింది అలాగే తడబడుతుంది. తర్వాత తిరిగింది. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఇరవై రెండేళ్ల అమ్మాయి, భుజానికి సంచి, చంకలో రెండు లావుపాటి పుస్తకాలు. నేలమీద మనిషిని చూసి కదలకుండా నిలబడిపోయింది.

"ఎవరు కావాలమ్మా?"

"ఇది నా గది." వెంటనే సరిదిద్దుకుంది. "పోయిన సంవత్సరం నాది."

తాళాలక్క లేచి, ఆమె చేతిలోంచి తాళంచెవి తీసుకుని, తలుపు వేసింది. అమ్మాయి గోడకు ఆనుకుని అంతా చెప్పేసింది, ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టుగా. రెండు పరీక్షలు పోయాయి. పోతే హాస్టల్ ఇవ్వరు. ఇంట్లో చెప్పలేదు. ఊరి చివర ఒక గదిలో అయిదుగురితో ఉంటోంది, అక్కడ ఎప్పుడూ టీవీ మోగుతూనే ఉంటుంది. ఉన్న తాళంచెవి మరిచిపోతుంటానని పోయిన సంవత్సరమే మారు తాళంచెవి ఒకటి కోయించుకుంది. అసలుది తిరిగిచ్చింది, ఇది ఇవ్వలేదు. ఒకరోజు ఊరికే పెట్టి చూసింది. తిరిగింది.

"గేటు దగ్గర ఎవరూ ఆపలేదా?"

"గార్డు ఆంటీ 'బాగున్నావా' అంటారు అంతే. నేను తన వస్తువులు ఏవీ ముట్టుకోలేదక్కా. కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటానంతే. ఇక్కడైతేనే బుర్రకెక్కుతుంది."

"తనకు ల్యాబ్ ఎప్పుడుంటుందో నీకెలా తెలుసు?"

అమ్మాయి గోడమీది టైంటేబుల్ వైపు చూసి తల దించుకుంది. "వదిలేయండక్కా. ఇంకెప్పుడూ రాను. ఒట్టు."

వదిలేయడం ఇద్దరికీ లాభమే. ఇత్తడి గొట్టం మారిస్తే ఈ సంగతి ఇక్కడితో సరి. కానీ తాళాలక్కకు ఆ వరసలో మిగతా పది తలుపులు కళ్లముందు కదిలాయి. వాటి మారు తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో, ఏ అన్న చేతిలో, ఏ పాత స్నేహితుడి చేతిలో పడ్డాయో. వాళ్లంతా పుస్తకాలు పట్టుకునే వస్తారని ఎవరు చెప్పగలరు?

"పద, కిందికి వెళ్దాం. భయపడకు. నీకంటే నేను చెప్పాల్సిందే ఎక్కువుంది" అంది.

వార్డెన్ లెక్కలు చెప్పే లెక్చరర్. చేతిలో కాగితం లేకుండా ఏదీ మాట్లాడని మనిషి. మొత్తం విని, ఫైలు తెప్పించి, పేజీ తిప్పి ముందుకు తోసింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"తొంభై ఆరూ మార్చారా?"

"లేదండి. ఎనభై అయిదు. మిగతావి వచ్చాక మారుద్దామనుకున్నాను. మార్చలేదు. సార్ సంతకం పెట్టమన్నారు, పెట్టాను."

పక్కన నిలబడ్డ సూపర్‌వైజర్, "నేనలా అనలేదు మేడమ్" అన్నాడు. తాళాలక్క వాదించలేదు. ఆ తర్వాత రెండు నెలలు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

వార్డెన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఆ పిల్ల నాకు చెబితే నేను బెంగ అన్నాను" అంది, ఎవరితోనూ కాదు, తనలో తనే. మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, "ఎంతసేపట్లో అవుతాయి?" అని అడిగింది.

ఆ సాయంత్రమే పదకొండూ మార్చింది. పిల్లలు క్లాసుల నుంచి వచ్చి తమ తమ గుమ్మాల్లో నిలబడ్డారు. ఎందుకని ప్రతి ఒక్కరూ అడిగారు. ప్రతి ఒక్కరికీ చెప్పింది. మొదటి గది దగ్గర చాలా చెప్పింది, అమ్మ సంగతి కూడా. ఆరో గదికి వచ్చేసరికి, "వేసవిలో మార్చాల్సింది, నేను మార్చలేదు" అన్న ఒక్క మాటే మిగిలింది. ఒకమ్మాయి మంచినీళ్లిచ్చింది. ఒకమ్మాయి ఫోన్‌లో వీడియో తీసుకుంది. ఇంకొకామె వాళ్ల నాన్నకు ఫోన్ కలిపి, ఆయనతోనే చెప్పమంది. ఆయన అరిచినంతసేపూ తాళాలక్క ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది.

పంతొమ్మిదో గది అమ్మాయి మాత్రం అరవలేదు.

"అంటే, నేను నిన్న చెప్పినప్పుడే మీకు తెలుసా?"

"తెలుసు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు? నాకు పిచ్చెక్కుతోందేమో అనుకున్నాను. మా అమ్మ కూడా అలాగే అనుకుంది."

తాళాలక్క కొత్త తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. ఆ వారంలోనే ఆ అమ్మాయి మొదటి అంతస్తుకు, స్నేహితురాలి పక్కగదికి మారిపోయింది. ఆ తర్వాత ఎదురుపడితే మర్యాదగా తల ఊపేది. అక్కా అని మళ్లీ పిలవలేదు.

పాత విద్యార్థిని చేత వార్డెన్ తన గదిలోంచే ఇంటికి ఫోన్ చేయించింది. తండ్రి వచ్చాడు. తిట్టలేదు, ఎక్కువ మాట్లాడనూ లేదు. హాస్టల్ గేటు లోపలికి ఆమె రాకూడదని కాగితం మీద రాయించుకున్నారు. గ్రంథాలయంలో పగలంతా కూర్చోవడానికి వార్డెన్ అనుమతి ఇప్పించింది. ఆ పిల్ల ఒక పరీక్ష గట్టెక్కింది. రెండోది మళ్లీ పోయింది.

గేటు దగ్గర గార్డు ఇప్పుడు ఎవరినైనా కార్డు అడగాలి. "నాలుగేళ్లుగా చూస్తున్న పిల్లని కార్డు చూపించమంటే నాకే ముఖం చెల్లట్లేదు" అని ఆమె కొన్నాళ్లు గొణిగింది. తాళాలక్కకు మెమో ఇచ్చారు. తాళాల కాగితం మీద ఇకనుంచి ఆమె సంతకం ఒక్కటే చాలదు, వార్డెన్‌ది కూడా ఉండాలన్నారు. మెమో ఆమెను అంతగా బాధించలేదు. రెండో సంతకం బాధించింది.

ఇంట్లో అమ్మ నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటోంది. విషయం విని, "నేను పడకపోయుంటే నీకీ మాట వచ్చేది కాదు" అంది.

"నువ్వు పడ్డందుకు పోయింది పన్నెండు రోజులే అమ్మా. మిగతా నాలుగు నెలలు నేనే కదా ఊరుకున్నది."

అమ్మ ఊతకర్ర ముందుకు జరిపి ఇంకో అడుగు వేసింది.

మరుసటి వేసవిలో తొంభై ఆరు తలుపులకూ అయిదు రోజులు పట్టింది. ఆఖరి రోజు వార్డెన్ పాత తాళంచెవుల పెట్టె తెప్పించి, తనకు తోచిన పది గదులు ఎంచుకుని, ఒక్కొక్కదానిలో పాత తాళంచెవి పెట్టి తిప్పి చూసింది. ఏదీ తిరగలేదు. వార్డెన్ సంతకం పెట్టడానికి కలం తీసింది.

"మిగతా ఎనభై ఆరు కూడా చూడండి మేడమ్" అంది తాళాలక్క.

"అవసరం లేదులెండి."

"నాకు అవసరమండి."

వార్డెన్ కలం మూత పెట్టి, పెట్టె పట్టుకుంది. ఇద్దరూ నాలుగో అంతస్తు నుంచి మొదలుపెట్టారు.