బావ పెంచిన ఉప్పునీటి పురుగులు

మా బావ పోయాడు. మా అక్క భర్త, రాయచూరులో కరెంటు సామాను దుకాణం నడిపిన మనిషి. పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. గుండెపోటు అన్నాడు డాక్టరు. వినగలిగి ఉంటే బావ ఆ మాట కూడా నమ్మేవాడు కాదు, ఇంకొకరికి చూపించమనేవాడు.

అంత అనుమానం మనిషి. పండ్లబండి దగ్గర తూకం రాయి తిప్పి చూసేవాడు. పెళ్లి భోజనంలో నెయ్యి వాసన చూడనిదే కలుపుకునేవాడు కాదు. నేను చాయ్ ఇస్తే ముందు నన్నే ఒక గుక్క తాగమనేవాడు. మరదలితో సరసమే అనుకోండి, కానీ నేను తాగేదాకా నిజంగానే ఆగేవాడు. నేనేం తక్కువ తినలేదు. "తాగు బావా, విషం రేపటికి దాచిన" అనేదాన్ని.

అలాంటి మనిషి, ఎండకు బండలు కాలే మా ఊళ్లో, హాల్లో సముద్రం పెట్టుకున్నాడు. ఉప్పునీళ్ల గాజుతొట్టి, అందులో పగడపు జీవాలు, నీలం నారింజ చారల మ్యాండరిన్ చేప. చిక్కంతా ఆ చేప తిండితోనే. కొన్న మేత నోటి ముందు వేసినా చూడదు, ప్రాణమున్న పురుగే కావాలి. కోపీపాడ్ అంటారు ఆ పురుగును. సూదిమొనంత ఉంటుంది, నీళ్లలో ఎగిరెగిరి ఈదుతుంది. బావ వాటిని వెనక గదిలో సీసాల్లో పెంచేవాడు. గాలికి సన్నటి గొట్టం, మేతకు పచ్చటి నాచునీళ్లు. అప్పుడప్పుడు పలచటి గుడ్డలో వడగట్టి తొట్టిలో వదిలేవాడు. చేప రాళ్ల మీద ఒక్కొక్కటే ఏరుకుని తింటుంటే కుర్చీ వేసుకుని చూసేవాడు.

"నమ్మితే చేపనే నమ్మాలె మరదలా. ఆకలైతేనే వస్తది, ఉత్తగ వచ్చి నవ్వది" అనేవాడు.

ఆ గదిలోకి పోవాలంటే పెద్ద పరీక్ష. "చేతులకేం రాసుకున్నవ్? గీ పక్క దోమల మందు ఏమన్న కొట్టిండ్రా?" అగరుబత్తి కూడా ముట్టించనిచ్చేవాడు కాదు. "ఈయన పురుగుల కోసం దేవుడు ధూపం లేక కూసున్నడు" అని అక్క నాతో గొణిగేది.

ఈ ఎండాకాలం సీసాలు చావడం మొదలైంది. సాయంత్రం గిజగిజలాడిన నీళ్లు కొద్దిరోజులకే ఉత్త నీళ్లయ్యేవి, అడుగున తెల్లటి నలుసులు మిగిలేవి. బావ ఉప్పు మార్చాడు, గొట్టాలు మార్చాడు. చివరికి మనుషుల మీద పడ్డాడు.

"ఎవరో చేయి పెడుతున్నరు. బయటోళ్లు కాదు, ఇంట్లనే ఉన్నరు" అన్నాడు అన్నం ముందు కూర్చుని.

పనిమనిషి మానేసింది. అక్క ముద్ద కిందపెట్టి, "మీ సీసాల దిక్కు చూస్తే నా కండ్లు పోనీ" అని ఒట్టేసింది. ఆయన నమ్మలేదు. ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒకనాడు మా ఇంటికొచ్చి సంచిలోంచి సీసా తీశాడు. "మీ ఇంట్ల పెట్టు. మీ అక్కకు చెప్పకు."

"నా మీద షక్ లేదా బావా?"

"ఉంది. గానీ నీ మొకం జూస్తే తెలిసిపోతది."

నన్ను ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు.

కర్మలన్నీ అయ్యాక చూస్తే చేప పొట్ట లోపలికి పోయి ఉంది. అన్నాళ్లూ దాన్ని తిట్టిన అక్క తొట్టి ముందు నుంచి లేవడం లేదు. పిల్లలు లేరు వాళ్లకు. "ఇది గూడ పోతే ఇంట్ల నాకెవరున్నరే" అంది. నా దగ్గర ఒక సీసా ఉందని అప్పుడు చెప్పాను. మా ఇంట్లో అందులో పురుగులు కుప్పలుగా పెరిగాయి. సగం తెచ్చి వెనక గదిలో పెట్టాను. ఎండకు నీళ్లు తగ్గితే, బావ చేసినట్టే, వంటింట్లోని మంచినీళ్ల క్యాను నుంచి కలిపాను. అన్నీ చచ్చాయి.

మా ఇంటికీ అదే బండి మంచినీళ్లు వస్తాయి. అక్కడ బతికినవి ఇక్కడ ఎందుకు చచ్చాయి? బావ బుద్ధే నాకూ పుట్టింది. సొంత అక్కను తలుపు చాటు నుంచి కనిపెట్టాను. ఆమె సీసాల దరిదాపులకు రాలేదు. వంటింట్లో రాగి బిందెలో నిల్వ ఉంచిన నీళ్లు ఒక గ్లాసు తాగింది, మిగిలినవి తిరిగి క్యానులో పోసింది.

"ఎప్పటిసంది అక్కా, ఈ రాగి నీళ్లు?"

"ఎండలు మొదలైనప్పటిసంది. మీ బావ గుండెకు మంచిదని ఎవరో అన్నరు, పట్టిన. నీళ్లకు గోసపడే ఊళ్ల మిగిలినయి పారబోస్తమా?"

రాగి ఈ పురుగులకు విషం. తొట్టిలో చేయి పెట్టబోతే నా రాగి ఉంగరం తీయించి బావే చెప్పాడు ఆ సంగతి. తొట్టికి వేరే డ్రమ్ము నీళ్లు కాబట్టి అది బాగుంది.

అక్కకు ఇది చెప్పలేదు. ఆయన గుండె కోసం పట్టిన నీళ్లే ఆ ఇంట్లో మాటలు లేకుండా చేశాయని ఏ నోటితో చెప్పను? మా అక్క ఇక్కడి కన్నడ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, అక్షరం రాదు. నేను గద్వాలలో నానమ్మ దగ్గర చదువుకున్నాను. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. చదివినవారెవరైనా మా వీధికి వస్తే దయచేసి నోరు మెదపకండి.

ఏదైనా పాడైతే ముందు నీళ్లను చూడు, తర్వాత మనిషిని చూడు అనేవాడు బావ. చివర్లో తనే ఆ వరస తప్పాడు. అయినా ఆ మాట నేర్పినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

వ్రతానికి కావాలని చెప్పి బిందె పట్టుకొచ్చాను, తిరిగి ఇవ్వలేదు. క్యాను కడిగి కొత్త నీళ్లు నింపాను. మిగిలిన సగం సీసాతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పురుగులు నిలిచాయి, చేప పొట్ట కాస్త నిండింది.

మొన్న వెళ్తే అక్క సీసాను కిటికీ వెలుగుకు పట్టి చూస్తోంది.

"మీ బావ నిజమే చెప్పిండు. ఎవరో చేయి పెట్టిండ్రు, ఇప్పుడు ఆపిండ్రు. నేనే ఆయనను పిచ్చోడన్న" అంది. సీసా కిందపెట్టి, "సుమ్నే, ఊరికెనే అడుగుతున్న. ఇక్కడియన్ని సస్తుంటే, మీ ఇంట్లది ఒక్కటే ఎట్ల బతికిందే?"

"ఏమో అక్కా" అన్నాను.

నన్ను గడప అవతలే ఉండమని, తనే గుడ్డలో వడగట్టి, తనే తొట్టిలో వదిలింది. చేప వచ్చి ఒక్కొక్కటే ఏరుకుంటోంది. అక్క దాన్ని చూడటం లేదు. తొట్టి గాజులో కనబడే నా ముఖాన్నే చూస్తోంది.