బ్యాటరీకి బొట్టు

మొన్న ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడానికి వచ్చిన మనిషి మూత విప్పగానే పుల్లటి ఘాటు వాసన వరండా అంతా పరుచుకుంది. ఆ వాసన నాకు చిన్నప్పుడు హైదరాబాద్ కార్వాన్‌లో మా ఇంటి ముందు నిలబడి ఉండే నల్ల ఇంగ్లీషు కారుది.

కంచన్‌బాగ్ ఫ్యాక్టరీకి సైకిల్ మీద పోయే బాపు దాన్ని తుక్కు ధరకు కొన్నాడు. అది నడిచిన రోజులకంటే మేము దాని వెనక సీటు స్ప్రింగుల మీద ఎగిరి, సీతాఫలం గింజలు కిటికీలోంచి ఎవరు దూరం ఊస్తారో పందెం వేసుకున్న రోజులే ఎక్కువ. ఒక ఏడు దసరా వెళ్లాక బాపు అమ్మకు చెప్పకుండా ఇంట్లోని రేడియోను అఫ్జల్‌గంజ్ దుకాణంలో ఇచ్చి, బదులుగా కారు రేడియో తెచ్చాడు. ఆదివారం మూడింటికి వచ్చే నాటకం ఒక్కటే వారం మొత్తంలో అమ్మ తనకోసం ఉంచుకున్న గంట.

"ఇగ నా నాటకం యాడ ఇనాలె?"

"కార్ల కూసోని ఇను, రాణి లెక్క."

చిక్కు తర్వాత తెలిసింది. ఆ పాత కారులో బ్యాటరీ ప్లస్ తీగను కారు ఇనుముకు కట్టారు. కొత్త రేడియో పాడాలంటే ఆ ఇనుముకు మైనస్ తీగ కట్టాలి. తారుమారైతే రేడియో కాలిపోతుంది. ఆదివారం పొద్దున్నే పక్క గల్లీ మెకానిక్ యూసుఫ్ భాయ్ వచ్చి, బ్యాటరీని అరుగు మీద పెట్టి వేడినీళ్లతో కడిగాడు. దాని మీది గుర్తులు ఎప్పుడో చెరిగిపోయాయి, తీగలు బిగించే టెర్మినళ్లలో లావుగా ఉండాల్సిన ప్లస్ కూడా గీకి గీకి రెండోదాని లావుకే వచ్చింది. ఏది ప్లసో తీగలు విప్పేటప్పుడే చూసుకున్నాడు కానీ, గుర్తు పెట్టడానికి ఎర్ర రంగు లేక అమ్మను కుంకుమ అడిగాడు.

"గిది ప్లస్ అక్కా, దీనికి జరంత పెట్టుండ్రి" అని చూపించి, తీగలు మార్చడానికి కారులో దూరాడు.

అమ్మ నాచేత ఒక పక్క పట్టించి బ్యాటరీని తూర్పు ముఖంగా తిప్పింది. రెండింటికీ బొట్టు పెట్టింది.

రెండున్నరకు యూసుఫ్ భాయ్ బయటికి వచ్చి తల పట్టుకున్నాడు. "యా అల్లా! రెండూ ఎర్రగనే ఉన్నయ్. ప్లస్ యాదిక్కుంది?"

"ఒకదానికి పెట్టి ఇంకోదాన్ని బోసిగ ఇడుస్తరా భాయ్?" అంది అమ్మ. తర్వాత రేడియో వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

యూసుఫ్ భాయ్ ఒక్క నిమిషం ఆలోచించి, "ఆలుగడ్డ ఉందా?" అన్నాడు. అమ్మ కూరకు తీసిపెట్టినదాన్ని రెండు ముక్కలు చేసి తెచ్చింది. రెండు టెర్మినళ్ల నుంచి రెండు రాగి తీగలు తెచ్చి ఒక ముక్కలో గుచ్చాడు. గల్లీ పిల్లలందరం తలలు ఆనించి చూశాం. కాసేపటికి ఒక తీగ చుట్టూ ఆకుపచ్చ రంగు తేలింది.

"అగో, గదే ప్లస్!"

అమ్మ మైనస్ మీది కుంకుమ తుడిచింది. బోసిగా మాత్రం వదల్లేదు, పసుపు పెట్టింది. యూసుఫ్ భాయ్ బ్యాటరీని బిగించి, బ్యాటరీకి కరెంటు నింపే డైనమో దగ్గర ఒక తీగను చిటుక్కుమని తాకించాడు. పాత ప్లస్-మైనస్ దిక్కు మరచిపోవడానికి డైనమోకు ఆ ఒక్క నిప్పురవ్వ చాలట.

మూడింటికి రేడియో గొంతు సవరించుకుంది. కదలని కారు ముందు సీటులో అమ్మ కూర్చుంది. నాటకం అయ్యేదాకా ఎవరినీ తలుపు వెయ్యనివ్వలేదు. గల్లీ ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి విన్నారు. ఆ సాయంత్రం కూర సగం ఆలుగడ్డతోనే అయింది.

ఆ కారు లేదు, ఆ అరుగు లేదు. బాపు, యూసుఫ్ భాయ్, చివరికి అమ్మ కూడా వెళ్లిపోయారు.

మొన్న వచ్చిన మనిషి నా ఇన్వర్టర్ బ్యాటరీ మీద కుంకుమ, పసుపు చూసి, "పూజ చేసిండ్రా మేడమ్?" అని అడిగాడు.

"కాదు, గుర్తు" అన్నాను.