దూదిగాడి చెవులు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆ రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఫోనులో రెండు వీడియోలు చూస్తే చాలు, సాయంత్రానికల్లా నలుగురికి పాఠం చెప్పేదాన్ని. (ఇప్పుడు ఆ జ్ఞానం కాస్త తగ్గింది, వయసు మీద పడుతోంది కదా.) బెంగళూరులో నా గదిలో ఉండే అమ్మాయికి పెళ్లి కుదిరి, అత్తగారు "ఆ ఎలుకను మాత్రం తీసుకురావద్దమ్మా" అనేసరికి, ఆమె పెంచుకుంటున్న చించిల్లా నా చేతికొచ్చింది. ఉడుత కంటే పెద్దది, కుందేలు కంటే చిన్నది. అప్పుడే విచ్చిన పత్తికాయలా ఒత్తయిన బొచ్చు, పల్చటి పెద్ద చెవులు. దూదిగాడని పేరు పెట్టాను. ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసువాళ్లు అనగానే, వాణ్ణి వెంటబెట్టుకుని పెదకాకాని దగ్గర మా ఊరొచ్చేశాను.

కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులవి. వచ్చిన సాయంత్రమే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెవుల భాష బోధించాను. "నిక్కబొడిస్తే వింటున్నాడని. వెనక్కి వాలిస్తే భయపడ్డాడని." నాన్న శ్రద్ధగా విని, "మరి ఎంత పిలిచినా కదలకపోతే?" అన్నాడు. "అది మీ దగ్గర నేర్చుకున్నదై ఉంటుంది," అంది అమ్మ లోపలినుంచి.

కొన్నాళ్లకు దూదిగాడి చెవులు ఎర్రబడటం నాయనమ్మే ముందు చూసింది. "ఏమే, వీడి చెవులిలా అయ్యాయేంటి?" నేను తడుముకోలేదు. "ఇక్కడి నీళ్లు పడ్డాయి నాయనమ్మా, ఒంటికి రక్తం పట్టింది." అందరికీ ఆ మాట నచ్చింది. మా ఊరి నీళ్లు పడితే రక్తం పట్టకుండా ఉంటుందా? అమ్మ ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి మరీ ఆ చెవులు చూపించింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికి చూస్తే దూదిగాడు బోనులో పక్కకు ఒరిగిపోయి ఎగశ్వాస తీస్తున్నాడు. చెవులు పండుమిరపకాయల్లా ఉన్నాయి. నేను చెప్పిన పాఠంలో ఇది లేదు. వాడు చచ్చిపోతాడేమోనని నాయనమ్మను కేకేశాను. "వచ్చినవాళ్లంతా రక్తం పట్టింది, రక్తం పట్టింది అంటిరి. దిష్టి తగిలింది," అంటూ నాయనమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి బోను చుట్టూ తిప్పి, వాకిట్లో పొయ్యిలో పడేసింది. దిష్టి తగిలి ఉంటే ఆ కాయలు ఎంత కాలినా ఘాటు రాదని మా వైపు లెక్క. వచ్చింది. మా చేలో పండిన కాయలాయె. అమ్మా నాన్నా దగ్గారు, గోడవతల పక్కింటివాళ్లు దగ్గారు. నాయనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఏమాత్రం మొహమాటం లేకుండా తీర్పు చెప్పింది. "దిష్టి కాదే. ఇంకేదో."

పొగ తగలకుండా దూదిగాణ్ణి గుండెకు హత్తుకుని ఇంటి వెనక్కి పరిగెత్తాను. వాడి చెవి నా చెంపకు తగిలింది. కాలిపోతోంది. అంత బొచ్చులోంచి వేడి బయటికి పోయే దారి ఆ పల్చటి చెవులొక్కటే అని అప్పుడు వెలిగింది. రక్తం పట్టడం కాదు, పాపం, ఇన్నాళ్లుగా వాడు ఎండ తాళలేకపోతున్నానని మొత్తుకుంటున్నాడు.

మా ఇంట్లో వేసవిలో చల్లగా ఉండే చోటు ఒక్కటే. వెనక వసారాలో నాన్న చీమకుర్తి నుంచి తెప్పించి వేయించిన నల్ల గ్రానైటు బండ. అది నాయనమ్మ సింహాసనం. మనవలం కూర్చున్నా లేపేసేది. నేను అడగకముందే ఆవిడ తన దిండు తీసేసింది. "పడుకోబెట్టు." గుంటూరులో పశువుల డాక్టరుగారికి ఫోను చేసిన నాన్న, "అదే మంచిదంట, మీద నీళ్లు మాత్రం పొయ్యొద్దన్నారు," అన్నాడు. అమ్మ గుమ్మానికి తడి గోనెపట్టా కట్టింది. నాయనమ్మ పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతూనే ఉంది.

చాలాసేపటికి ఆ ఎరుపు మెల్లగా దిగింది. ఒక చెవి విసనకర్ర చప్పుడు వైపు తిరిగింది. నేను ఏడ్చేశాను. నాయనమ్మ నా మొహంలోకి చూసి, "నీ చెవులూ ఎర్రగానే ఉన్నాయే. నువ్వూ పడుకో," అని దిండు నావైపు తోసి, తాను నేలమీద చాప పరుచుకుంది.

ఎండలు ముదరకముందే వాణ్ణి తీసుకుని బెంగళూరు వెళ్లిపోయాను. అక్కడ చాలాకాలం హాయిగా బతికాడు. ఇప్పుడు వాడూ లేడు, నాయనమ్మా లేదు. నేను మాత్రం ఇప్పటికీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ధీమాగా పాఠాలు చెబుతూనే ఉంటాను, మధ్యలో ఒకసారి చెయ్యి చెవిమీదికి పోతుంది, అంతే. ఊరెళ్లినప్పుడు మధ్యాహ్నాలు ఆ బండమీదే పడుకుంటాను. లెమ్మనేవాళ్లు లేరు. అయినా కొంచెం చోటు వదిలి, ఒక పక్కకే పడుకుంటాను.