రెండు కుర్చీలాయన ప్రశ్నావళి

ఆయన ఎవరినైనా ఒక ప్రశ్న అడగవలసి వస్తే ముందుగా దానిని తననే అడిగి చూసుకొనేవారు. ఇందులో వింతేమున్నదని మీరు అనవచ్చు. అడిగేటప్పుడు ఆయన ఒక కుర్చీలో కూర్చునేవారు. జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఎదుటి కుర్చీలో కూర్చునేవారు. అందులో కూర్చున్న మరుక్షణం ఆయన వేరే మనిషి. గొంతు మారేది, నడుము వంగేది, ఒక్కొక్కసారి పట్టరాని కోపం వచ్చేది. తన ప్రశ్న మీద తానే మండిపడి, తనను తానే చెడామడా తిట్టి, మళ్లీ మొదటి కుర్చీలోకి వచ్చి తనకు తానే క్షమాపణ చెప్పుకొనేవారు. పురపాలక కార్యాలయంలో గణాంక విభాగానికి ఆయన అధికారి. ఊరు మాత్రం ఆయనను రెండు కుర్చీలాయన అనేది.

నేను పాఠశాల నుంచి పదవీ విరమణ చేసిన రెండో ఏట ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్లోని పేదరికాన్ని గురించి ప్రజలు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేస్తున్నామనీ, భాష దిద్ది పెట్టవలసిందనీ అందులో సారాంశం. ఉత్తరంలో ఒక్క అక్షరదోషం లేదు. అందుకే వెళ్లాను.

గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల రెండు గొంతులు వినిపిస్తున్నాయి.

"ఏమండీ, నిన్న మీ ఇంట్లో పొయ్యి వెలిగిందా?"

"వెలగకపోతే నువ్వొచ్చి వెలిగిస్తావా?"

"కోప్పడకండి. సర్వే కోసం అడిగాను."

"సర్వే అయితే మా పొయ్యిలోకి తొంగిచూస్తావా? సిగ్గులేదూ? ఎవడయ్యా నీకు ఉద్యోగం ఇచ్చింది?"

ఆ తరువాత బల్ల మీద దబ్బున చరిచిన చప్పుడు. ఎవరో పౌరుడు అధికారిని కొట్టబోతున్నాడనుకొని, గొడుగు తిరగేసి పట్టుకొని లోపలికి దూసుకుపోయాను. గదిలో ఉన్నది ఒకే ఒక మనిషి. అర్జీదారులు కూర్చునే కుర్చీలో చెమటలు కారుస్తూ కూర్చొని ఉన్నారు.

"ఎవరితోనండీ పోట్లాట?" అన్నాను.

"పదకొండో ప్రశ్నతోనండీ. కొట్టినంత పని చేసింది" అంటూ లేచి, ఇవతలి కుర్చీలోకి వచ్చి, ఆ ప్రశ్నను అడ్డంగా కొట్టేశారు. "కూర్చోండి టీచరుగారూ. ఆ గొడుగు కాస్త కిందికి దించండి."

ఇది ఉద్యోగంలో అబ్బిన అలవాటేమోనని తరువాత ఒకసారి ఆయన భార్యను అడిగాను. ఆమె నవ్వుతూ కళ్లు తుడుచుకొంది.

"పుట్టుకతోనే అంతే టీచరుగారూ! పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను ఒకసారి. 'నొప్పి ఎక్కడ' అని డాక్టరు అడిగాడు. అలా అడిగితే ఎవరైనా భయపడతారని ఈయన లేచి, డాక్టరుగారి స్టూలు మీద కూర్చుని, ఆయన్ని పడక కుర్చీలో పడుకోబెట్టి, ఎలా అడగాలో చూపిస్తున్నాడు. ఇంతలో నర్సు వచ్చింది. మెడకి గుడ్డ కట్టి, నోరు తెరవండి అంది. డాక్టరు తెరిచాడు!"

"తెరిచారా?"

"పాపం, పరాకులో ఉన్నాడు. ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడా? అడిగి, నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుని, 'ఆలోచించుకుని చెబుతాను' అని నా తరఫున తనే చెప్పేశాడు. నేనేమో సరేనని చెప్పడానికే వచ్చాను. నాలుగు నెలలు ఆగాడండీ మహానుభావుడు! ఐదో నెలలో నేనే వెళ్లి తిట్టాల్సొచ్చింది."

ఇక ప్రశ్నావళి సంగతి. మార్కెట్టు వెనుక వీధిలో ఒక పాత గిడ్డంగి ఉంది. అందులో పురపాలక సంఘం మధ్యాహ్నంపూట ఉచిత భోజనశాల నడిపేది. ముందు నిలబడే వరుసను చూసి తమకు బేరాలు తగ్గుతున్నాయని దుకాణదారులు మొరపెట్టుకొన్నారు. మూసివేయాలని పురపాలక అధ్యక్షురాలికి లోలోపల ఉన్నది; కాని ప్రజలే మూయించినట్లు ఉంటే మర్యాదగా ఉంటుందని ఆమె ఊహ. సర్వేలో జనం ఏ మాట అంటే అదే తుది నిర్ణయమని ప్రకటించి, ప్రశ్నలు ఆరింటిని తానే రాసి పంపారు. మొదటిది ఇది: "ఉచితంగా భోజనం పెట్టడం వల్ల జనం సోమరులవుతున్నారన్న అభిప్రాయంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?"

నేను చదివాను. వాక్యం నిర్దుష్టంగా ఉంది. తప్పు లేదని పక్కన సంతకం చేశాను.

"తప్పు లేదా? అయితే మీరు అటు కూర్చోండి" అన్నారు ఆయన.

ముప్పైనాలుగేళ్లు అడగడమే తప్ప అడిగించుకోవడం ఎరుగనిదానను. అయిష్టంగానే ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకొని ప్రశ్న చదివారు.

"కొంతవరకు ఏకీభవిస్తాను" అన్నాను.

"ఎందుకండీ?"

"క్రమశిక్షణ ఉన్న మనిషికి ఆ గతి పట్టదు."

"మీకు తెలిసినవాళ్లలో క్రమశిక్షణ లేక ఆ గతి పట్టినవాళ్లు ఎవరు?"

ఆలోచించాను. ఎంత వెదకినా ఒక్క ముఖమూ తట్టలేదు. "ఎవరూ లేరు."

"మరి ఆ జవాబు ఎక్కడ దొరికింది మీకు?"

నేను కాగితం వంక చూశాను. "మీ ప్రశ్నలోనే దొరికింది" అన్నాను. అని నిర్ఘాంతపోయాను. ఎవరో నా నోటిలో మాట పెట్టారు. నేను దానికి కారణం కూడా సమకూర్చి ఇచ్చాను. పిల్లలు చూచిరాత రాస్తే నిలబెట్టిన మనిషిని!

ఆయన పరమానందంతో చప్పట్లు కొట్టి ఆరు ప్రశ్నలనూ కొట్టేశారు. "జవాబు మనమే చేతిలో పెట్టి పంపితే ఇక ఊరంతా తిరగడం దేనికి టీచరుగారూ? కాళ్ల నొప్పులు తప్ప!"

ఆ తరువాత అసలు పని మొదలైంది. ఆయన సొంతంగా రాసుకొన్నవి పన్నెండు ప్రశ్నలు. ఒక్కొక్కటీ ఎదుటి కుర్చీలో మూడురోజులు నానేది. నేను దిద్దినది ఆయన కొట్టేసేవారు. ఆయన రాసినది నేను దిద్దేదానను. పద్నాలుగో చిత్తుప్రతి అయింది, పంతొమ్మిదోది అయింది. అధ్యక్షురాలు ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఏమయ్యా, ఇంకా ఎన్నాళ్లు?"

"ఎనిమిదో ప్రశ్నకి ఇంకా ఒకాయన నొచ్చుకుంటున్నాడండీ."

"ఎవరా ఒకాయన? నాతో మాట్లాడించు!"

"ఇప్పుడే లేచి వచ్చాడండీ. ఇక్కడ ఫోను పట్టుకుని ఉన్నాడు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు నాకు కూడా వినిపించింది.

ఇలా ఉండగా ఒకనాడు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. ఈసారి ముఖాన నవ్వు లేదు.

"టీచరుగారూ, నెలరోజులుగా ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం లేదు. నేను కట్టిచ్చిన డబ్బా అలాగే తిరిగొస్తోంది. ఆ ఉచిత భోజనశాలలో పళ్లెం పట్టుకుని తింటున్నాడని కూరగాయలావిడ అందరి ముందూ అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఏం తక్కువైందండీ? మీరొకసారి చూసి రండి. నేనెళ్తే అక్కడే గొడవ పెట్టుకుంటాను."

నెలజీతం తీసుకొనే అధికారి, ఆకలిగొన్నవారి వరుసలో నిలబడి వారి ముద్ద తింటున్నాడా! కోపంతో చెప్పులు తిరగేసి తొడుక్కొని బయలుదేరాను.

గిడ్డంగికి వీధివైపున పెద్ద అద్దాల కిటికీ ఉన్నది. బయట నిలబడి చూశాను. బల్లల వద్ద పదిహేనుమంది కూర్చొని ఉన్నారు. ప్రతివారి ముందూ భోజనపు పళ్లెం ఉన్నది. పళ్లెం పక్కన ప్రశ్నావళి, చేతిలో పెన్సిలు. వారికి ఎదురుగా, ఒంటరిగా, ఒక ముక్కాలిపీట మీద కూర్చొని, చేతులు కట్టుకొని జవాబులు చెప్పుకొంటున్నవారు మన రెండు కుర్చీలాయన. ఆయన ఒడిలోనూ ఒక పళ్లెం ఉన్నది. వీధిన పోయే ఎవరు చూసినా, ఆ గదిలో దీనుడు ఆయనొక్కరే అనుకొంటారు. మిగిలినవారంతా ఏదో ఆఫీసు పని మీద వచ్చిన పెద్దమనుషులవలె ఉన్నారు.

కిటికీ పక్క బల్ల వద్ద కూర్చున్నావిడ తల ఎత్తింది. మా పాఠశాల కుట్టు టీచరు! ఇరవైరెండేళ్లు నా పక్క గదిలో పనిచేసింది. ఒక్కనాడు ఆలస్యంగా రాలేదు. ఆవిడ వేసిన కాజాలు స్కేలుతో కొలిచినా తేడా ఉండేవి కావు. అన్నేళ్లూ తాత్కాలిక ఉద్యోగిగానే ఉంచి, కుట్టు పాఠం ఎత్తివేసిననాడు ఆవిడను పంపించేశారు. పింఛను లేదు. తరువాత చూపు కూడా మందగించిందని విన్నాను. విని ఊరుకొన్నాను.

లోపలికి వెళ్లాను. ఆవిడ గబుక్కున పెన్సిలు గట్టిగా పట్టుకొంది.

"సర్వే పని మీద వచ్చాను" అంది, నేనేమీ అడగకముందే.

"తెలుసు. భాష దిద్దుతున్నది నేనే. ప్రశ్నలు ఎలా ఉన్నాయి?"

"ఎనిమిదోది బాగాలేదు" అంది ఆవిడ. ఆయన వెంటనే దానిని కొట్టేశారు.

వీధిలోకి రాగానే ఆయనను నిలదీశాను. "ఏమిటండీ ఇది? మీ ఆవిడ అక్కడ కుమిలిపోతోంది."

ఆయన దొంగతనం బయటపడినవానివలె నేలచూపులు చూశారు. "మొదట్లో నేనే వీళ్లని ప్రశ్నలు అడిగేవాణ్ణి టీచరుగారూ. అలవాటు ప్రకారం వాళ్ల చోట కూర్చుని చూశాను. వీధంతా కిటికీలోంచి నన్నే చూస్తున్నట్టనిపించింది. ముద్ద దిగలేదు. అందుకని అటు నేను కూర్చుని, పెన్సిళ్లు వాళ్లకిచ్చాను. తిండికి రావడానికి మొహం చెల్లనివాళ్లు, ప్రశ్నలు సరిచూసి పెట్టడానికైతే వస్తున్నారు. మొదటిరోజు నలుగురే."

"మరి మీరు తింటున్నారెందుకు?"

"నేను తినకుండా కూర్చుంటే వాళ్లు మాత్రం ఎలా తింటారండీ?"

ఆయన భార్యకు ఆ సాయంత్రమే కబురు చెప్పాను. మరునాటి నుంచి భోజనపు డబ్బా ఆయన చేతికి రాలేదు. ఆవిడే స్వయంగా భోజనశాలకు వచ్చి, వంటగదిలో గరిటె పట్టుకొని నిలబడింది.

ఇరవైమూడో ప్రతి ఖాయమైంది. దానికి ఆయన పెట్టిన నియమం విని అధ్యక్షురాలు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట: ప్రశ్నలు అడిగేవారు ఆ పదిహేనుమందే, అడిగే చోటు ఆ భోజనశాలే. "ప్రశ్నలన్నీ వాళ్లకి కంఠతా వచ్చండీ. కొత్తవాళ్లకి నేర్పాలంటే ఇంకో రెండు నెలలు" అని ఆయన వినయంగా విన్నవించుకొన్నారు. ఆ రెండు నెలల మాట వినగానే ఆమె ఒప్పేసుకొన్నారు. అడిగేవారు ఎవరో ఏమిటో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

తొలి జవాబు తానే ఇస్తానని అధ్యక్షురాలు ఫోటోగ్రాఫరును వెంటపెట్టుకొని వచ్చారు. ముక్కాలిపీట మీద ఠీవిగా కూర్చున్నారు. ఎదురుగా పెన్సిలుతో కుట్టు టీచరు. నేను గోడవారగా నిలబడ్డాను. జనం ఏమంటారో అదే నిర్ణయం. ఊరు ఈమె వెనకే నడుస్తుంది. ఇవాళ ఈమె నోట వచ్చేదే రేపు అందరి నోటా వస్తుంది. భోజనశాల ఉండేదీ ఊడేదీ ఇక్కడే తేలిపోతుందనిపించింది.

"మన ఊళ్లో తిండికి జరగనివాళ్లు ఎంతమంది ఉంటారని మీ అంచనా?" కుట్టు టీచరు అడిగింది.

"ఉంటే ఓ పదిమంది. వాళ్లూ బయటి ఊళ్లవాళ్లే."

"వాళ్లలో మీకు ముఖపరిచయం ఉన్నవాళ్లు ఎంతమంది?"

"ఒక్కరూ లేరు. ఉంటే నాకు తెలియదా? ఈ ఊళ్లో నా గుమ్మం ఎక్కనివాళ్లెవరు?"

పెన్సిలు కదలలేదు. కుట్టు టీచరు కాగితం మీది నుంచి కళ్లు ఎత్తింది.

"ఆ జవాబు కావాలంటే మార్చుకోవచ్చండీ."

"ఎందుకు మార్చుకోవాలి?"

"మీ అమ్మాయికి ఏడో తరగతి దాకా గౌన్లు కుట్టింది నేనే కదా. రోజూ ఇక్కడే భోంచేస్తున్నాను. ఒకటి అని రాయమంటారా?"

ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు. నేను రెండు కుర్చీలాయన వంక చూశాను. ఆయన కూడా నాలాగే నోరు తెరచుకొని ఉన్నారు. ఇరవైమూడు ప్రతులలోనూ ఆ వాక్యం లేదు మరి.

అధ్యక్షురాలి ముఖం తెల్లబోయింది. "మీరా టీచర్?" అన్నారు. ఆ తరువాత మెల్లగా తల తిప్పి మిగిలిన బల్లల వంక చూడసాగారు. "ఆయన... గడియారాలు బాగుచేసే ఆయన కదూ? ఆవిడ మా పాత పోస్టుమాస్టరుగారి భార్య. అయ్యో, మీరు కూడానా?"

"నెమ్మదిగా చెప్పండి. రాసుకోవాలి" అంది కుట్టు టీచరు. "ఇప్పటికి నలుగురయ్యారు."

తొమ్మిది వరకు లెక్క వచ్చింది. మిగతా ప్రశ్నలకు జవాబులు రేపు చెబుతానని అధ్యక్షురాలు అన్నారు. దుకాణదారుల అర్జీని ఇక బయటికి తీయవద్దనీ, వరుస వీధిలో కాక లోపలే సాగేటట్లు వెనుకవైపు తలుపు తెరిపించమనీ అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు. నేను చదివాను. హడావుడిలో రెండు దోషాలు దొర్లాయి. నేను వాటిని దిద్దలేదు. నా జీవితంలో నేను దిద్దకుండా వదిలిన కాగితం అదొక్కటే.

ఆమె లేచి వెళ్లబోతూంటే రెండు కుర్చీలాయన భార్య పళ్లెం తెచ్చి చేతిలో పెట్టింది. "మీరు తినకపోతే వీళ్లెవరూ తినరండీ. ఇక్కడి పద్ధతి అది."

అధ్యక్షురాలు కాదనలేక కూర్చున్నారు. మొదట బెరుకుగా, తరువాత ఆకలిగా తిన్నారు. రెండోసారి కూర కూడా అడిగారు. తిని, పళ్లెం బల్ల మీద వదలి లేస్తూండగా కుట్టు టీచరు పెన్సిలుతో గోడ మీది కాగితాన్ని చూపించింది: ఎవరి పళ్లెం వారే కడగవలెను.

నేను విస్తుపోయి చూస్తూండగానే, మా పురపాలక అధ్యక్షురాలు చేతి గడియారం తీసి ఫోటోగ్రాఫరుకు ఇచ్చి, కుళాయి దగ్గరికి నడిచారు. అక్కడ అప్పటికే తన పళ్లెం తోముకొంటున్న రెండు కుర్చీలాయన, సబ్బు ఆమె వైపు జరిపి, కాస్త పక్కకు తప్పుకొన్నారు.