పేలని పిస్తోళ్ళ వెర్లిన్

వెర్లిన్ స్టాంపర్ డెబ్భై ఏళ్ళ జీవితంలో కొన్న పిస్తోళ్ళకి అంతులేదు. వాటిలో సరిగ్గా పేలినది ఒక్కటీ లేదు. దుకాణంలో వంద పిస్తోళ్ళుంటే అన్నిట్లోకీ చవకది ఎక్కడుందో గుమ్మంలోంచే పసిగట్టేవాడు. తుప్పు పట్టడం, పిడి ఊడటం, ట్రిగ్గర్ బిగుసుకుపోవడం ఆయన దృష్టిలో లోపాలు కావు, బేరానికి పనికొచ్చే సుగుణాలు. కెంటకీ కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో మంచి తుపాకీ లేని ఇల్లు లేదు. ఇన్ని పనికిమాలిన తుపాకులున్న ఇల్లు మాత్రం వెర్లిన్‌దొక్కటే.

డెల్ఫియా కూంబ్స్‌కి ఆ మనిషంటే ప్రాణం, ఆయన బేరమంటే తలనొప్పి. తండ్రి పోయాక తుపాకుల దుకాణం ఆమె చేతికొచ్చింది. దాంతోపాటు బొగ్గు పొయ్యి, పొయ్యి పక్కన స్టూలు, స్టూలు మీద కూర్చున్న వెర్లిన్ కూడా వారసత్వంగా సంక్రమించారు. ఆయన పొద్దున్నే వచ్చి, ఆమె కాచిన కాఫీ తాగి, అది నీళ్ళలా ఉందని చెప్పి, రెండో కప్పు పోసుకుని, అప్పుడు అద్దాల పెట్టె వైపు తిరిగేవాడు.

"అమ్మాయ్, ఆ మూలనున్న నల్లది ఎంత?"

"నూట పది, బాబాయ్."

"నూట పదా? నలుపు సగం ఊడిపోయిందిగా. యాభై చేసుకో."

"రంగు ఊడితే పిస్తోలు తగ్గిపోతుందా?"

"మీ నాన్నయితే తగ్గించేవాడు."

"మా నాన్న మిమ్మల్ని చూస్తే వెనక గదిలోకి పారిపోయేవాడు."

"పారిపోయేవాడు, కాదన్ను. ధర తగ్గించాకే పారిపోయేవాడు."

ఆయన పెళ్ళి చేసుకోలేదు. కుర్రతనంలో ఒక అమ్మాయి ఒప్పుకుందనీ, ఉంగరం దగ్గర బేరం తెగక ఆగిపోయిందనీ ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట ఆయన ఎన్నడూ ఖండించలేదు. పైగా ఆ ఉంగరాల కొట్టువాడు ఇంకో ఐదు డాలర్లు తగ్గించి ఉండాల్సిందని అనేవాడు.

కొన్న ప్రతి పిస్తోలునీ కన్నబిడ్డలా వెనకేసుకొచ్చేవాడు. ఒకదాని ట్రిగ్గర్ నొక్కితే తూటాల మ్యాగజైన్ ఊడి కాలి మీద పడేది. "బరువు తగ్గించుకుంటోంది, తెలివైనది," అనేవాడు. ఇంకోటి ట్రిగ్గర్ నొక్కాక ఏం చెయ్యాలో తోచనట్టు కాసేపు ఊరుకుని, అప్పుడు పేలేది. దాన్ని ఎవరో వెక్కిరిస్తే, "ఈ జిల్లా మొత్తానికి ఆలోచించి పనిచేసేది ఇదొక్కటే," అన్నాడు.

ఏటా ఫైర్ స్టేషన్ దగ్గర గురి పందెం జరిగేది. గెలిచినవాడికి ఉప్పులో ఊరేసిన పంది తొడ బహుమతి. ఒక ఏడు వెర్లిన్ ముప్పై డాలర్ల పిస్తోలుతో బరిలోకి దిగాడు. ఆయన తన అట్టకి గురిపెట్టి కాలిస్తే, గుండు వెళ్ళి పక్కవాడి అట్ట నడిమధ్యన దిగింది. పక్కవాడు గెలిచాడు. వెర్లిన్ ఆ సాయంత్రమే కత్తి పట్టుకుని అతని ఇంటికి వెళ్ళాడు.

"సగం తొడ నాది," అన్నాడు.

"నీదెలా అవుతుందయ్యా?"

"అట్ట నీది, గుండు నాది. కొయ్యి."

సగం కాదుగానీ పావు ముక్క పట్టుకునే ఇంటికొచ్చాడు.

ఇంతవరకూ అయితే ఊరంతా నవ్వుకుని ఊరుకునేది. కానీ వెర్లిన్‌కి వేళాపాళా ఉండేది కాదు. ఎవరి ఇంట్లోనైనా కష్టం వస్తే ఇరుగుపొరుగు బీన్సూ, మొక్కజొన్న రొట్టే పట్టుకెళ్ళేవారు. వెర్లిన్ మాత్రం ఉత్త చేతుల్తో వెళ్ళి, "మీ ఇంట్లో పాత పిస్తోలేమన్నా ఉందా, అమ్ముతారా?" అని అడిగేవాడు. ఊళ్ళోని బొగ్గు గని మూతపడి ఉద్యోగాలు పోయిన వారం అలాగే ఇంటింటికీ తిరిగాడు. చావింట్లో కూడా అడిగాడు. సిగ్గులేని మనిషని కొందరు మొహాన్నే అన్నారు. ఆయన తలూపి, "సరే, నలభైకిస్తావా?" అని అడిగేవాడు.

డెల్ఫియాకీ ఆ దెబ్బ తగిలింది. ఆరేళ్ళ కిందట ఆమెకి విడాకులొచ్చిన వారంలోనే తయారయ్యాడు. ఆమె చేతిసంచిలో ఉండే చిన్న పిస్తోలుకి ఇరవై ఐదు నుంచి మొదలుపెట్టి రెండు గంటలు సతాయించాడు. ఆమె ఏడుపు మానేసి ఆయన్ని తిట్టింది, తిట్టి తిట్టి అలిసిపోయి నలభై ఐదుకి ఇచ్చేసింది. ఈయనకి కాస్తయినా మనసుంటే బావుండునని ఆ రోజు అనుకుంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం హాలిస్ రాట్లిఫ్ దుకాణంలోకొచ్చాడు. గని వర్క్‌షాపులో నలభై ఏళ్ళు యంత్రాలు బాగుచేసిన మనిషి. నవంబరులో భార్య పోయింది. వారం కిందట తన వేటకుక్కని పక్క లోయలో ఎవరికో ఊరికే ఇచ్చేశాడు. ఆ కొండల్లో మగవాడు అవసరమొస్తే ఇల్లు అమ్ముతాడు, ట్రక్కు అమ్ముతాడు. వేటకుక్కని ఊరికే ఇచ్చెయ్యడు. ఆ సంగతి విన్నప్పటినుంచీ డెల్ఫియాకి మనసు మనసులో లేదు.

"డెల్ఫీ, ఒక పిస్తోలు కావాలి," అన్నాడు హాలిస్.

"ఎలాంటిది?"

"అన్నిట్లోకీ చవకది. ఏదైనా ఒకటే."

అక్కడ పిస్తోలు కొనడమంటే పెళ్ళి సంబంధం చూడటం కన్నా పెద్ద తతంగం. విప్పి చూడాలి, వంక పెట్టాలి, కాఫీ తాగాలి, మళ్ళీ వంక పెట్టాలి. హాలిస్ అద్దాల పెట్టె వైపు చూడను కూడా లేదు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ పిస్తోలు దేనికో డెల్ఫియాకి అర్థమైంది. అమ్మనంటే ముప్పై మైళ్ళ అవతల ఇంకో దుకాణముంది, అక్కడివాళ్ళకి ఈ మనిషెవరో తెలియదు. ఆమె తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫారం కోసం వెతుకుతున్నట్టు సొరుగులు తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. కావలసిన ఫారం కళ్ళ ముందే ఉంది.

"అది నాది," అన్నాడు స్టూలు మీంచి వెర్లిన్.

హాలిస్ తిరిగి చూశాడు. "ఏది?"

"ఈ దుకాణంలో చవకది. దాని మీద నా బేరం మూడు వారాలుగా నడుస్తోంది. నడుస్తున్న బేరంలోకి తల దూరుస్తావేంట్రా హాలిస్? మీ అమ్మ నిన్ను ఇలాగే పెంచిందా?"

ఒకడి బేరం మధ్యలోకి ఇంకొకడు రావడం ఆ జిల్లాలో దొంగతనం కన్నా తప్పు. హాలిస్ ఎంత దిగులులో ఉన్నా పెంపకం పెంపకమే. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయితే దాని పక్కది చూపించు, డెల్ఫీ."

"దాని మీదా నడుస్తోంది," అన్నాడు వెర్లిన్.

"అదీనా?"

"అదీను. ఆ వరసంతా."

హాలిస్ డెల్ఫియా వంక చూశాడు. "నిజమేనా?"

డెల్ఫియా వ్యాపారంలో అబద్ధమాడి ఎరగదు. "నిజమే," అంది. "పెట్టె మొత్తం బాబాయి బేరంలోనే ఉంది. పై అరతో సహా."

పై అరలో వెయ్యి డాలర్ల సరుకుంది. వెర్లిన్ అటు చూసి ఉలిక్కిపడ్డాడు గానీ మాట తప్పలేదు.

"ఇంతకీ ఆ చవకదానికి ఎంతకడిగాడు?" అన్నాడు హాలిస్.

"అరవై," అంది డెల్ఫియా.

"అరవయ్యా? ఏదీ, ఇలా తే." అప్పుడు మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెలుగులో పెట్టాడు, దాని పై భాగం వెనక్కి లాగి వదిలాడు. నలభై ఏళ్ళ పనివాడి చెయ్యి దానంతటదే పనిలో పడింది. "ఈ స్ప్రింగు చూశావా? తలుపు గొళ్ళేనిక్కూడా పనికిరాదు. ఇది పోతపోసినవాడు కళ్ళు మూసుకుని పోశాడు. అరవై ఇస్తావా దీనికి?"

"ఇస్తాను. స్ప్రింగుల గురించి నీకేం తెలుసు?"

హాలిస్ మొహం ఎర్రబడింది. నవంబరు తర్వాత ఆ మొహంలో డెల్ఫియా చూసిన మొదటి రంగు అదే.

"నాకా? గనిలో సగం యంత్రాలు నా చేతి స్ప్రింగులతోనే నడిచాయి."

"అందుకే మూతపడింది గని."

గంటన్నరసేపు అరుచుకున్నారు. డెల్ఫియా కాఫీ రెండుసార్లు కాచింది. వెర్లిన్ చివరికి ఆ పిస్తోలు అరవైకి కొనేసి, ఫారం నింపి, కోటు వేసుకున్నాడు. "అంత మొనగాడివైతే మా ఇంటికొచ్చి దీన్ని బాగుచెయ్యి చూద్దాం. ఇప్పుడే రా. రేపంటే నాకు నమ్మకం లేదు," అన్నాడు. హాలిస్ తిట్టుకుంటూ ఆయన ట్రక్కెక్కాడు. వాళ్ళు మలుపు తిరిగాక డెల్ఫియా తలుపుకి గొళ్ళెం పెట్టి, స్టూలు మీద కూలబడి, కాసేపు ఏడ్చింది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి నేరుగా వెర్లిన్ ఇంటికి వెళ్ళింది. ఆయన వంటగదిలో ఇనుప బీరువా తెరిచి ఉంది. ఆమెని చూసి మూయబోయాడు గానీ ఆమె చెయ్యి ముందు పడింది. లోపల వరసగా రేకు డబ్బాలు. ప్రతి డబ్బాలో ఒక పిస్తోలు, పిడికి దారంతో కట్టిన కాగితం ముక్క, దాని మీద ఒక పేరూ, తేదీ. గని మూతపడిన వారం తేదీతో ఏడు పేర్లున్నాయి. భార్య వదిలేసిన ఒక డ్రైవరు పేరుంది. కొన్ని ఖాళీ డబ్బాల మీద "తిరిగిచ్చాను" అని రాసుంది.

నాలుగో డబ్బాలో కాగితం మీద "డెల్ఫియా" అని ఉంది.

ఆమె కాగితం తిప్పి తేదీ చూసింది.

"బాబాయ్, నాకప్పుడు వంద పిస్తోళ్ళ దుకాణముంది. ఒక్కటి కొంటే ఏం ఒరుగుతుందనుకున్నారు?"

"ఒరగదని తెలుసు. కానీ రెండు గంటలు బేరమాడావు. నన్ను తిట్టావు. ఆకలేస్తోందని అన్నం తిన్నావు. నాకది చాలు."

"ఆ మాట నోటితో అడగొచ్చుగా, నీ మనసెలా ఉందమ్మా అని."

"అడిగితే బాగానే ఉందంటారు, తలుపేసుకుంటారు. నలభైకిస్తావా అంటే మాత్రం తలుపు తీసుకుని తిట్టడానికొస్తారు." వెర్లిన్ బీరువా తాళం తిప్పాడు. "మా తమ్ముడు క్లెట్ ఒకటి కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. భలే చవగ్గా కొన్నావురా అని మెచ్చుకున్నాను. ఇంకేమీ అడగలేదు. వారం తిరగకముందే వాడు పోయాడు."

డెల్ఫియా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఇబ్బందిగా కదిలాడు.

"మరి నా దుకాణంలో చెత్తంతా ఎందుకు కొంటారు?"

"చెత్త కొనే పిచ్చివాడినని పేరుండబట్టే ఏ ఇంటికెళ్ళి అడిగినా అనుమానించరు. నువ్వు ఈ సంగతి బయటపెట్టకు, అమ్మాయ్. నేను మంచివాడినని తెలిస్తే ఈ ఊళ్ళో ఒక్కడూ ధర తగ్గించడు."

హాలిస్ రోజూ వెర్లిన్ ఇంటికి వెళ్ళసాగాడు. తూటా అన్నది ఆ ఇంట్లో లేకుండా వెర్లిన్ ముందే చూసుకున్నాడు. హాలిస్ సాయంత్రానికల్లా స్ప్రింగు సరిచేసి, నిక్కుగా బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు. అతను గేటు దాటగానే వెర్లిన్ పట్టుకారు తీసి దాన్ని చక్కగా వంచేవాడు. పొద్దున్నే మళ్ళీ, "మొనగాడా, నీ పనితనం ఏడ్చినట్టుంది," అని ఫోను చేసేవాడు. కొత్త స్ప్రింగు కావాలంటే డెల్ఫియా కావాలనే తప్పు కొలత తెప్పించి ఇంకో వారం లాగేది. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. హాలిస్ ఒళ్ళు చేశాడు. పక్క లోయకి వెళ్ళి తన కుక్కని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు.

మే నెలలో ఒక రోజు దుకాణానికొచ్చి, జేబులోంచి ఎనిమిది పాత స్ప్రింగులు తీసి డెల్ఫియా ముందు వరసగా పెట్టాడు.

"చూడు. ఎనిమిదీ ఒకే చోట వంగాయి. పట్టుకారు పళ్ళ గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. వాడే వంచుతున్నాడు."

డెల్ఫియా తడబడింది. "ఎప్పుడు తెలిసింది?"

"మొదటి వారంలోనే. నలభై ఏళ్ళు ఇదే పని చేసినవాడిని, నాకు తెలియదా?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

హాలిస్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"పాపం, ఆ ముసలాడు ఒంటరివాడు, డెల్ఫీ. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. పొద్దున లేస్తే నాతో పోట్లాడటం తప్ప ఇంకో పని లేదు. నేను వెళ్ళడం మానేస్తే ఏమైపోతాడోనని నాకు భయం. వాడితో అనకు, నొచ్చుకుంటాడు."

"అనను," అంది డెల్ఫియా, నవ్వు ఆపుకోవడానికి సొరుగులో తల దూర్చి.

"ఇంకో స్ప్రింగు ఇవ్వు మరి. మెత్తటిది చూసివ్వు. వాడి చేతుల్లో మునుపటి బలం లేదు, వంచలేక అవస్థపడుతున్నాడు."