కోదాడకు పోయిన గోదా మట్టి

కిందటి బుధవారం పొద్దున కోదాడ బస్సు దిగివచ్చిన ఒక బేరగాడు మా కొట్టు ముందు నిలబడి మిరపకాయల ధర అడిగాడు. చెప్పాను. ఎక్కువన్నాడు. తగ్గించాను. బేరం కుదిరి, సంచి నోరు తెరిచి పట్టుకున్నాక, వానల సంగతి చెబుతున్నంత తీరుబడిగా అన్నాడు: "మీ ఊరి తాలీం ఉస్తాద్ పోయాడంట గదా సేటూ, నిన్న తెల్లారి?" నా చేతిలోని తక్కెడ గాలిలోనే ఉండిపోయింది. ఏ పళ్ళెం ఎటు మొగ్గిందో నేను చూడలేదు. బహుశా ఆ మనిషి లాభపడి ఉంటాడు.

మా వ్యాయామశాల గురువు మల్లయ్య ఉస్తాద్ దివంగతులయ్యారు. కాబోయే మల్లుడికి మల్లయ్య అని పేరు పెట్టిన ఆ తల్లిదండ్రుల దూరదృష్టి ఎంతటిదోగాని, సూర్యుడి పేరు పెట్టుకున్న మా సూర్యాపేటలో ముప్ఫయి ఏళ్ళు ప్రాతఃకాలాలను ఏలిన ఆ మహానుభావుడి అస్తమయం వేరే ఊళ్ళో, శిష్యుల్లో ఒక్కడూ పక్కన లేకుండా జరిగిపోయింది. విన్న క్షణాన నాకు ముందుగా వచ్చింది కన్నీరు కాదు, కోపం. అది ఇంకా పోలేదు. గతించినవారిని స్మరించే వ్యాసంలో కోపం అనౌచిత్యమని ఎరుగుదును. కానీ మనసులో లేని శాంతాన్ని అక్షరాలకు పూయడం నాకు చేతకాదు.

ధాన్యం మార్కెట్ వెనుక రేకుల పందిరి కింద, మోకాటి లోతు ఎర్రమట్టి నింపిన కుస్తీ గోదా ఆయన సామ్రాజ్యం. ఆ మట్టిలో మజ్జిగ, నువ్వులనూనె, పసుపు కలిపేవారు. ఎంతటి శ్రీమంతుడైనా ముందు పార పట్టి ఆ మట్టిని తిరగదోడాలి. ఆ తర్వాతే నేలకు వాలి లేచే దండీలు, కూర్చుని లేచే బైఠక్‌లు. యౌవనంలో బస్తాలు మోసిన ఆ చేతుల కింద వ్యాపారులు, కాపులు, హమాలీలు, బండ్లవాళ్ళు అందరూ సమానులు. గోదాలో ఉన్నంతసేపు ఎవడైనా "అరేయ్". గట్టెక్కగానే "దండం సేటూ, మంచిగున్నరా" అని చేతులు జోడించేవారు. జానెడు ఎత్తు లేని ఆ గట్టు ఆయనకు రెండు లోకాల సరిహద్దు. దాన్ని ఆయన కావాలని దాటితే దాటారేమో, పొరపాటున ఒక్కనాడూ తప్పలేదు.

ఇక నా సంగతి. దేవుడికి దండాలు పెట్టే వంశంలో పుట్టినవాణ్ణే తప్ప దండీలతో నాకు పరిచయం లేదు. ఊళ్ళో నన్ను ఉదారుడంటుంటే గుణం చూసి అనుకున్నాను; ఉదరం చూసి అని ఆలస్యంగా తెలిసింది. అటువంటి నేను తాలీం గడప తొక్కింది ఆరోగ్యకాంక్షతో కాదు, భయంతో. రాజ్యం మారే ముందటి గడబిడ రోజుల్లో ఒక సాయంత్రం మిర్యాలగూడ దారిలో మా బండిని ఆపి బండివాణ్ణి కొట్టారు. ఎవరు కొట్టారన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ రోజుల్లో కొట్టేవాళ్ళకు కొదవ లేదు. అప్పుడు నేను చేసిన వీరకార్యం, బస్తాల మధ్య మరొక బస్తానై పడుకోవడం. బండివాడు వారానికి లేచి తిరిగాడు. నేను లేవలేదు. ఉన్నట్టుండి గుండె దడ, అరచేతుల్లో చెమట, కన్ను మూస్తే బెదిరిన ఎద్దుల గిట్టల చప్పుడు. ఏడాదిపాటు ఊరి పొలిమేర దాటలేదు. మిర్యాలగూడలో పుట్టింట నా భార్య ప్రసవించింది. ఆడపిల్ల. బోర్లా పడిందన్నారు, పాకుతోందన్నారు. నేను పోలేకపోయాను. వైద్యుడిచ్చిన కషాయం కడుపులోనూ, పురోహితుడిచ్చిన రక్షరేకు మెడలోనూ ఉండగా, భయం మాత్రం తన చోటున తాను నిశ్చింతగా ఉంది.

ఒకనాడు పప్పు కొనడానికి వచ్చిన ఉస్తాద్, నేను పొట్లం కట్టలేక అవస్థపడటం చూశారు. "జర గా చెయ్యి ఇటియ్యుర్రి సేటూ" అని అందుకుని, వణుకు తగ్గేదాకా పట్టుకున్నారు. "దీనికి మందు లేదు. పని ఉన్నది. రేపు పొద్దుగాల రండి" అన్నారు.

మొదటిరోజు నాకు విధించినవి అయిదు బైఠక్‌లు. నాలుగు నేను తీశాను, అయిదోది భూమాత తీసుకుంది. కూలబడ్డ నన్ను చూసి పెద్ద శిష్యుడు, మార్కెట్లో హమాలీ పని చేసే వెంకులు, "ఉస్తాద్, గీ బస్తాను లేపాల్నంటే ఇద్దరు గావాలె" అన్నాడు. అందరూ నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. "నవ్వినోళ్ళంత ఇంకో ఇరవై తియ్యుర్రి. అరేయ్, నువ్ లే. గుండె కొట్టుకుంటే సస్తననుకుంటున్నవ్ గద? ఇప్పుడు గట్లనే కొట్టుకుంటున్నది. సచ్చినవా?"

"లేదు ఉస్తాద్."

"మరి! రోజు దానికి ఉరుకుడు నేర్పు. నేర్పినంక, అది ఉత్తగ ఉరికిననాడు నువ్ బెదరవ్."

ఆయుర్వేద గ్రంథాలన్నీ వల్లెవేసినవారు కూడా ఇంతకంటే సులభంగా చెప్పగా నేను వినలేదు. మూడు వారాలకు ఆకలి తెలిసింది. నెలన్నరకు పిలవని చుట్టంలా నిద్ర వచ్చి, పొమ్మన్నా పోలేదు. కొట్టులో నాకు తెలియకుండానే కూనిరాగం తీస్తుంటే మా గుమాస్తా ఏదో నష్టం వచ్చిందేమోనని కంగారుపడ్డాడు. కండలు వచ్చాయని మాత్రం చెప్పను. అవి ఎక్కడో ఉన్నాయని ఉస్తాద్ అనేవారు, నేను విశ్వసించేవాణ్ణి.

సాయంత్రాలు నన్ను నడిపించేవారు. ఈరోజు పొలిమేర దాకా, రేపు దాని తర్వాతి మైలురాయి దాకా. అట్లా కొన్నాళ్ళకు మిర్యాలగూడకే బయలుదేరదీశారు. బండి ఆపిన చోటు వచ్చేసరికి నా కాళ్ళు నేలకు కరుచుకున్నాయి. ఓదారుస్తారనుకున్నాను. "ఇరవై బైఠక్‌లు తియ్, ఈడనే" అన్నారు. గోదా లేదు, గట్టు లేదు, నడిరోడ్డు. ధోవతి ఎగ్గట్టి లేచి కూర్చుంటున్న కోమటిని చూసి గడ్డిమోపుల ఆడవాళ్ళు ఆగారు. "గాయనకేమైందే?" అని ఒకామె అడిగితే, "పిల్లను సూడనీకి పోతున్నడమ్మా, జర ఆగుర్రి, అయిపోవచ్చింది" అన్నారు ఉస్తాద్. ఇరవై పూర్తయ్యేసరికి కాళ్ళు మళ్ళీ నావయ్యాయి. మర్నాడు మిర్యాలగూడలో నా కూతురు తండ్రిని చూసి ఏడ్చి, తండ్రి గురువును చూసి నవ్వింది. ఎవరి వల్ల తాను తండ్రిని చూడగలిగిందో ఆ శిశువుకు ముందే తెలిసినట్టుంది.

తమ్ముడు పాము కరిచి చనిపోయినప్పుడు వెంకులు పది రోజులు గోడకానుకుని కూర్చున్నాడు, తిండి ముట్టకుండా. ఉస్తాద్ వెళ్ళి పక్కనే దండీలు తీయడం మొదలుపెట్టారట. వెంకులు మండిపడ్డాడు: "నా ఇంట్ల పీనుగ లేస్తే గీ ఆటలేంది ఉస్తాద్?" ఆయన ఆపకుండానే, "ఏడువుర. ఏడ్చుకుంటనే తియ్. రెండు పనులు ఒక్కసారి చెయ్యొద్దని ఎవ్వడన్నడు?" అన్నారు. వాడు ఏడుస్తూనే తీశాడు. ఆ పూట అన్నం తిన్నాడు.

ఇటువంటి మనిషి, కిందటి శివరాత్రి వెళ్ళిన వారానికి, ఒక పొద్దున గోదాలోంచి గంపెడు మట్టి తవ్వి తడిగుడ్డ కప్పారు. తాలీం మర్యాద తెలిసినవారికి దాని అర్థం ఒక్కటే. పెరుగుకు తోడు వేసినట్టు, పాత గోదా మట్టి కలిపి కొత్త ఊళ్ళో కొత్త గోదా కడతారు. ఆ గంప మోసుకుపోయిన ఉస్తాద్ ఇక ఆ ఊరివాడే.

"యాడికి ఉస్తాద్?" అన్నాడు వెంకులు.

"కోదాడకు. మా చెల్లె కాడికి."

"కొత్త తాలీం పెడ్తున్నవా?"

ఆయన గంప వైపు చూశారు. "గట్లనే అనుకో."

"మరి మేము?"

"మీకు కాళ్ళొచ్చినయ్ గదరా."

అంతే. ముప్ఫయి ఏళ్ళకు ఆ ఒక్క ముక్క. "మన గోదా కోదాడ పాలైంది" అని ఊరంతా చెప్పి తిరిగింది నేనే. మాట బాగుందని నలుగురూ మెచ్చుకుంటే మురిశాను కూడా. పౌరుషం కొద్దీ ఎవరమూ అటు తొంగిచూడలేదు. తాలీంకు తాళం పడింది. రెండు నెలల తర్వాత ఒక ప్రయాణికుడితో, "సేటును, వెంకులును ఒక్కపారి వచ్చిపొమ్మను" అని కబురంపారు. "కోదాడల కొత్త శిష్యులుండంగ పాత బస్తాలతోని ఏం పనని అడుగు" అని తిప్పి పంపాను. "మంచిగ జవాబిచ్చినవ్ సేటూ" అన్నాడు వెంకులు. మధ్యలో మునగాల పరగణా వేరే సర్కారుది, ఒక రాజ్యం దాటి మళ్ళీ మన రాజ్యంలోకే పోవాలి, అంత దూరమెందుకని మానేశామని ఇప్పుడు నెపం చెప్పవచ్చు. బస్సులో ఒక్క పూట ప్రయాణం.

బుధవారం ఆ పూట ప్రయాణం చేశాము, వెంకులు, నేను. ఉస్తాద్ చెల్లెలు ఎల్లమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. దహనం ముందురోజే అయిపోయింది. ఏమనాలో తోచక, "గోదా ఎక్కడమ్మా?" అని అడిగాడు వెంకులు.

"గోదా ఏంది నాయనా?" అని ఆమె మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. మంచం పక్కన, గోడవారగా, చాపంత మేర మా ఎర్రమట్టి పరిచి ఉంది. దాని మీద రెండే రెండు పాదాల గుర్తులు, లోతుగా.

"గుండె చెడిందని దవాఖానలో ఏడాది కిందటే చెప్పారంట. మీకు చెప్పలేదా? పొద్దున్నే గోడ పట్టుకుని దీంట్లో నిలబడేవాడు. మొదట్లో మూడు బైఠక్‌లు తీసేవాడు. తర్వాత ఒకటి. ఆఖర్న ఊరికే నిలబడి చెమట పట్టేదాకా ఉండేవాడు. డాక్టరుని నేనడిగా, ఈ కసరత్తే చంపిందా అయ్యా అని. చిన్ననాటి జ్వరంతో చెడిన గుండె అమ్మా, ఇన్నేళ్ళు ఆడటమే ఎక్కువ అన్నాడు. మరి కసరత్తే బతికించిందా అంటే, అది చెప్పలేనన్నాడు."

"మాకెందుకు దాచిండమ్మా?" అన్నాడు వెంకులు.

"నేనూ అడిగా. ఉస్తాదుకే గుండె చెడిందంటే పిల్లలకు తాలీం మీద నమ్మకం పోతది, సేటు మళ్ళ ఇంట్లో పండుకుంటడు అన్నాడు." ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీలో సేటెవరు?"

వెంకులు నన్ను చూపించాడు.

ఉస్తాద్, ఇది త్యాగమని రేపు సంతాపసభలో పెద్దలు అంటారు. నేను వంచన అంటాను. మా ఊరి ఛాతీలను ముప్ఫయి ఏళ్ళు పెంచారు; వాటిలో మీ జబ్బును దాచుకునేంత చోటుందని నమ్మలేదు. ఏడుస్తూనే బరువెత్తమన్నారు, మీ బరువు దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని గట్టు మీదే నిలబెట్టారు. మేము మీకు ద్రోహం చేశాము, నిజం. ఆ ద్రోహానికి గంపెడు మట్టి అందించింది మీరు. పిలిచినప్పుడైనా ఒక్క మాట కలిపి "ఒంట్లో బాగలేదు" అని ఉంటే, ఈ కోమటి నడిరోడ్డు మీద బైఠక్‌లు తీసుకుంటూనైనా వచ్చి ఉండేవాడు.

మీరు భయపడ్డది జరిగింది కూడా. బుధవారం నుంచి నిద్ర లేదు. దడ మళ్ళీ వచ్చింది. ఇంత కసరత్తు చేసినవారి గుండె ఆగితే నాదెంత అని లోపల ఒక గొంతు అడుగుతూనే ఉంది. శుక్రవారం కొట్టు తెరవలేదు, మంచం దిగలేదు. శనివారం పొద్దున వెంకులు వాకిట్లోకి వచ్చి, "తాళంచెవి నా దగ్గరున్నది. నువ్ రాకుంటె నేను గూడ తెరువ" అన్నాడు. అది బెదిరింపో, వేడుకోలో నాకు తెలియదు. చొక్కా వేసుకున్నాను.

నలుగురమే పోగయ్యాము. అయిదు నెలలుగా నీళ్ళు తగలని మట్టి రాయిలా బిగిసింది. తవ్వాము, తడిపాము, మజ్జిగ పోశాము. వరుసగా నిలబడి బైఠక్‌లు మొదలుపెట్టాము. పది దాటాయి, ఇరవై దాటాయి. నా గుండె దబదబ కొట్టుకుంది; కొట్టుకోనిచ్చాను. ముప్ఫయి అయ్యాయి. వెంకులు తొడలు వణుకుతున్నాయి, నా చెమట కళ్ళలో పడుతోంది. ఎవ్వరమూ ఆపలేదు. ముందుగా ఆపినవాడు ఆ మహనీయుడి స్థానంలో నిలబడినట్టవుతుందని ఒక్కొక్కడికీ సంకోచం. పందిరి కింద ఇన్నేళ్ళూ, ఇక చాలని ఆపే "బస్" అనే మాట ఒక్క ఆయనదే. దాన్ని ఆయన మాలో ఎవరికీ ఇచ్చి పోలేదు.