నడిగోడ మీది నల్లబొమ్మ

కలకత్తా పాత ఇళ్ళలో పటాలను కప్పుకి దగ్గరగా, ముందుకు వాలేటట్టు కడతారు. పోయిన తాతలు పైనుంచి తొంగి, మనవడి కంచంలో చేపముక్క ఎంతదో చూస్తున్నట్టుంటుంది. పటం కట్టే ఎత్తుని బట్టి ఆ ఊరు ఎవరిని గౌరవిస్తుందో, ఎవరికి భయపడుతుందో చెప్పవచ్చు. శిబతోష్ లాహిరి జీవితమంతా చేసిన పనల్లా ఆ ఊళ్ళో బొమ్మలను కిందికి దించి, మనిషి కళ్ళ ఎదుట నిలబెట్టడం.

ఉద్యోగం రేవు ఆఫీసులో. వయసులో ఉండగా తనూ బొమ్మలు వేశాడు. ఒకసారి మిత్రుల బొమ్మల మధ్య తనది కట్టి, దూరంగా వెళ్ళి చూసి, తిరిగొచ్చి తనే దించేశాడు. మళ్ళీ కుంచె పట్టలేదు. అప్పటి నుంచి ఆ మిత్రబృందం ఏ ప్రదర్శన పెట్టినా, ఏ బొమ్మ ఉండాలి, ఏది ఇంటికి పోవాలి, దేని పక్కన ఏది నిలవాలి అన్నది ఆయనే తేల్చేవాడు. క్యూరేటర్ అన్న మాట వాళ్ళ నోళ్ళలో ఇంకా పడలేదు. "శిబు చూసుకుంటాడు" అనేవారు. అదే పదవి.

చూసుకోవడం అంటే మాటలు కాదు. రెండు మంచి బొమ్మలు పక్కపక్కన పడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. నీరసమైన బొమ్మ సరైన చోట పడితే గదంతా తేటపడుతుంది. బొమ్మ నోరు లేనిది కనుక పొరుగుబొమ్మే దాని తరఫున మాట్లాడాలి. ఇదంతా శిబతోష్ మేకులు కొట్టి, పీకి, మళ్ళీ కొట్టి తెలుసుకున్నాడు. ఆ కొట్టడాల్లో రెండో చెయ్యి ఎప్పుడూ నిఖిలేశ్ పాలిత్‌ది. చిన్ననాటి స్నేహితుడు, తనూ చిత్రకారుడే. శిబతోష్ ఎదుటి గోడకి వీపు ఆనించి, "కొంచెం పైకి... అబ్బ, అంత కాదురా, గాలిపటం ఎగరేస్తున్నావా?" అనేవాడు. నిఖిలేశ్ బొమ్మ మోస్తూ, "నువ్వు తేల్చేలోపు నా చేతులు ఊడి పడతాయి. వాటినీ కట్టేద్దువుగాని" అనేవాడు.

అతని సొంత బొమ్మలు మాత్రం ఎప్పుడూ మెట్ల మలుపులోనో, తలుపు తెరిస్తే వెనక దాక్కునే గోడ మీదో పడేవి. "అక్కడ దానికి వెలుతురు బాగుంటుందిరా" అనేవాడు శిబతోష్. నిఖిలేశ్ నవ్వి ఊరుకునేవాడు.

ఆ బృందంలో పేరు నిలబెట్టుకున్నవాడు హిరణ్మయ్ సోమ్. అతను పోయాక, అతని బొమ్మలన్నీ ఒక్కచోట చేర్చి చూపించాలని శిబతోష్ పట్టుబట్టాడు. ఉద్యోగం నుంచి అప్పటికే దిగిపోయాడు. ఇల్లిల్లూ తిరిగాడు. పెళ్ళి కానుకగా ఇచ్చినవి, వైద్యుడికి ఫీజు బదులు ఇచ్చినవి, వంటింటి పొగ పట్టినవి పోగుచేశాడు. అన్నీ వరసగా పెట్టుకుంటే ఒకచోట ఆయనకి కాలు జారినట్టయింది. హిరణ్మయ్ మొదట్లో వేసినవి గంగ ఒడ్డు పడవలు, ఎర్రగా, పచ్చగా. తమ్ముడు చనిపోయాక కొన్నేళ్ళు అతని బొమ్మ ఎవరూ చూడలేదు. ఆ తర్వాతివన్నీ బూడిదరంగువి, దాదాపు ఏమీ లేనివి.

"ఆ ఎరుపు నుంచి ఈ బూడిదకి ఒక్క గెంతులో ఎవడూ రాడు. మధ్యలో కాలిన బొమ్మ ఒకటుండాలి, నల్లటిది. ఉండి తీరాలి!" టీ దుకాణంలో బల్ల గుద్ది మరీ చెప్పేవాడు.

ఆ బృందానికంతా వదిన, హిరణ్మయ్ భార్య బీథిక బౌది ఆ మాట విని, మరిది వరస కలిపి పిలుస్తూ నవ్వింది. "ఆ ఏళ్ళలో మీ దాదా కుంచె ముట్టుకుంటేనా, ఠాకుర్‌పో! పొద్దస్తమానం చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చునేవాడు. చేపా పడలేదు, పాడూ లేదు. చేపకూరకి ఆవాలు నూరుకుని ఎదురుచూసినదాన్ని నేను."

పెళ్ళాలకి అన్నీ తెలియవులే అనుకున్నాడు శిబతోష్. ఈ పనిలో ఉన్నవాళ్ళకి పట్టే జబ్బే అది. గోడ మీద కథ కుదరాలన్న కోరిక ముదిరితే, బతుకు కూడా అలాగే కుదిరి ఉంటుందనిపిస్తుంది. చరిత్రలు రాసే పండితులనూ ఇదే జబ్బు చాలామందిని మింగింది. వాళ్ళది పుస్తకాల్లో దాగుతుంది. ఇది మేకుకి వేలాడుతుంది.

చలికాలం మొదట్లో నిఖిలేశ్ ఒక బొమ్మని దుప్పట్లో చుట్టి తెచ్చాడు.

"చందన్‌నగర్‌లో ఒక డాక్టరు ఇంట్లో దొరికిందిరా. పేరు బయటికి రాకూడదట. అద్దం తీయకూడదట. అయిపోగానే ఇచ్చెయ్యాలి."

అద్దం వెనక నలుపు మీద నలుపు, మందంగా మెత్తిన రంగు. అడుగున, ఆరిపోతున్న పొయ్యిలో మిగిలినట్టు సన్నని ఎరుపు. శిబతోష్ నేల మీద కూలబడ్డాడు. నిఖిలేశ్ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నేను చెప్పలేదూ?"

"చెప్పావు," అన్నాడు నిఖిలేశ్. "చాలాసార్లు చెప్పావు."

ప్రదర్శన పుస్తకంలో సగం ఆ బొమ్మ గురించే రాశాడు. హిరణ్మయ్ వేసినవాటిలో ఇదే గొప్పదన్నాడు. అచ్చయి వచ్చింది కూడా. హాల్లో దాన్ని నడిగోడ మీద ఎక్కించి, తక్కినవన్నీ దాన్ని బట్టి సర్దాడు.

ప్రారంభానికి ముందురోజు దీపాలు వేసి చూస్తే, అద్దంలో నలుపు బదులు తన ముఖమే కనిపించింది. చూడవచ్చినవాళ్ళకి ఎవరి ముఖం వాళ్ళకి కనిపిస్తే ఇంకెందుకు? డాక్టరుకి నేను చెప్పుకుంటానులే అనుకుని, నిఖిలేశ్ కచోరీలు తేవడానికి వెళ్ళినప్పుడు బొమ్మని దించి అద్దం తీశాడు. ఎత్తబోతుంటే మూల దగ్గర బొటనవేలు ఒత్తుకుంది. పైపొర చిట్లి, ఇంకా గట్టిపడని కొత్త ఖర్జూరపు బెల్లంలోకి దిగినట్టు వేలు లోపలికి దిగింది. పచ్చి నూనె వాసన గుప్పుమంది. అన్నేళ్ళ నాటి రంగయితే రాయిలా ఉండాలి.

నిఖిలేశ్ పొట్లంతో వచ్చాడు. వేలికంటిన నలుపు చూశాడు.

"ఎవరు వేశారు?"

"చెయ్యి తుడుచుకో. కచోరీలు చల్లారిపోతాయి."

"నిఖిల్!"

"నేనే."

శిబతోష్ వేలు తుడుచుకోలేదు. "నేను ఏడుస్తుంటే చెయ్యిచ్చి కూర్చున్నావు. అప్పుడైనా నోరు రాలేదట్రా?"

"ఎలా వస్తుంది? ఇన్నేళ్ళలో నా బొమ్మ చూసి నువ్వు ఏడవడం అదే మొదలు. ఆపమంటావా?"

"చచ్చినవాడి నోట్లో మాట పెట్టావు."

"మొదట పెట్టింది నువ్వు. ఊరంతా వినేటట్టు, ఉండి తీరాలన్నావు. హిరణ్మయ్ వెయ్యలేదు, నేను వేశాను." పొట్లం కింద పెట్టాడు. "నీ బొమ్మ నువ్వు దించుకున్నావు, అది నీ ఇష్టం. నావి మూలల్లో పెట్టమని నేనన్నానా? ఒక్కటి చెప్పు శిబూ. మంచి బొమ్మా, కాదా?"

శిబతోష్ చూశాడు. గంట క్రితం ఉన్న నలుపే. ఆ ఎరుపే.

"తీసుకుపో," అన్నాడు.

అది పోయాక గది అమరిక కాస్తా కుప్పకూలింది. కాపలా మనిషిని సాయం పట్టుకుని అన్నీ దించి మళ్ళీ కట్టాడు. ఆ మనిషి పైకి అంటే కిందికి, కిందికి అంటే పక్కకి జరిపేవాడు. పడవల వరస తలుపు దగ్గర ఆగింది. తలుపు దాటాక బూడిద మొదలైంది.

మరునాడు సాయంత్రం శాలువాలు, అత్తరు వాసనలు, చేతుల్లో కొత్త పుస్తకాలు. బీథిక బౌది ముందు వరసలో కూర్చుంది. శిబతోష్ లేచాడు.

"పుస్తకంలో నల్లబొమ్మ గురించి రాసినదంతా కొట్టేయండి. అది హిరణ్మయ్‌ది కాదు. ఉండాలని పట్టుబట్టినవాణ్ణి నేను. నమ్మినవాణ్ణీ నేనే. బౌది నిజం చెబితే వినలేదు."

హాలు గుసగుసలాడింది. "మరి ఎవరిదండీ అది?" అని ఎవరో గట్టిగా అడిగారు.

అందరికంటే వెనక నిఖిలేశ్ నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, నున్నగా దువ్విన తల. మెడ కొంచెం ముందుకు చాచి వింటున్నాడు. శిబతోష్ అతన్ని చూశాడు. కోపం వచ్చింది. దాని వెనకే జాలీ వచ్చింది. వాణ్ణి రచ్చకీడ్చకూడదనుకున్నాడు.

"ఎవరో," అన్నాడు. "ఎవరో వేసినది."

జనం టీ బల్లల వైపు కదిలాక ఆయన బయటికి వచ్చాడు. నిఖిలేశ్ ట్రాము కోసం నిలబడి ఉన్నాడు.

"తిడతావనుకున్నాను," అన్నాడు, ఆయన వైపు తిరగకుండానే. "దొంగ అంటావనుకున్నాను. అన్నిటికీ సిద్ధపడే వచ్చాను."

"నీ పరువు కాపాడానురా, వెధవా!"

"ఎవడడిగాడు పరువు? ఇంతమంది ఎదుట నా బొమ్మ ఎవరిదని అడిగితే, ఎవరో అన్నావు."

ట్రాము వచ్చింది. నిఖిలేశ్ ఎక్కి, ఖాళీ సీటున్నా కూర్చోకుండా అటువైపు తిరిగి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మోసపోయింది తనేనని శిబతోష్‌కి అప్పటికీ గట్టిగా తెలుసు. అయినా ట్రాము మలుపు తిరిగేదాకా, అతని పేరు పెట్టి కేక వెయ్యడానికి నోరు తెరిచి, వెయ్యలేక, అలాగే నిలబడిపోయాడు.